బాక్టీరియా తోక, శుక్రకణం తోక ఒకటేనా? కశాభాలు, శైలికల పనితీరుపై సందేహాలు

ప్రశ్న: పటమట గృహిణి, విజయవాడ

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఇంటర్మీడియట్‌లో బైపీసీ చదువుతోంది. బాక్టీరియాకు కశాభం ఉంటుందని ఒక పాఠంలో, శుక్రకణం తోక కూడా కశాభమేనని ఇంకో పాఠంలో, శ్వాసనాళం లోపలి పొరలో శైలికలు (సన్నని వెంట్రుకల వంటివి) ఉంటాయని మరో పాఠంలో చదివింది. అవన్నీ ఒకే వస్తువా, వేరువేరా అని నన్ను అడిగింది. నేను బీకాం చదివినదాన్ని కాబట్టి జవాబు చెప్పలేకపోయాను. కోచింగ్‌లో అడిగితే పరీక్షకు అంతవరకు అక్కర్లేదన్నారట. పరీక్షకు అక్కర్లేకపోయినా, అడిగిన పిల్లకు జవాబు దొరకాలి కదా అని ఇక్కడ రాస్తున్నాను.

తన మొదటి సందేహం ఇది: కంటికి కనిపించని కణానికి తోక ఊపితే ముందుకు పోయేంత బలం ఎక్కడి నుంచి వస్తుంది, చేప తోక ఊపినట్లే ఊపుతుందా? రెండోది నాకు వచ్చిన సందేహం. ఆ మధ్య మా మామగారికి జ్వరం వస్తే వైడాల్ పరీక్ష చేయించాము. రిపోర్టులో ‘ఓ’ అని, ‘హెచ్’ అని రెండు అంకెలు ఉన్నాయి. ‘హెచ్’ అంటే టైఫాయిడ్ క్రిమి తోకకు సంబంధించినదని ల్యాబ్‌లోని అబ్బాయి చెప్పాడు. తోకకూ రక్తపరీక్షకూ సంబంధం ఏమిటి? మూడోది, ఉన్నచోటు నుంచి కదలని కణాలకు కూడా ఇలాంటి తోకలు ఉంటాయంటారు. కదలని కణానికి తోకతో పనేమిటి? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి. మా అమ్మాయి చేత కూడా చదివిస్తాను.

సమాధానం: విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు, గుంటూరు

నమస్కారమమ్మా. ఈ సందేహం మా డిగ్రీ తరగతిలో ఏటా ఎవరో ఒకరు అడిగేవారు. రెండు బొమ్మలూ రెండు వేరే అధ్యాయాలలో ఉండిపోవడమే అందుకు కారణమని నేననుకుంటాను. పక్కపక్కన పెట్టి చూస్తే, బాక్టీరియా కశాభానికీ శుక్రకణం తోకకూ పేరులో తప్ప పోలిక దాదాపు లేదని తెలిసిపోతుంది. వాటి ప్రోటీన్లు వేరు, ఇంధనం వేరు, కదిలే తీరు వేరు, మందం వేరు, పరిణామంలో వచ్చిన దారి కూడా వేరు. శుక్రకణం తోక, శ్వాసనాళపు శైలిక మాత్రం ఒకే కుటుంబానికి చెందినవి.

మీ అమ్మాయి చేప సంగతి అడిగింది కాబట్టి, ముందు అంత చిన్న కణానికి నీరు ఎలా ఉంటుందో చెబుతాను. భవానీ ద్వీపానికి వెళ్లే పడవ ఇంజను ఆపేసిన తరువాత కూడా కృష్ణలో కొంతదూరం తనంతట తాను సాగుతుంది, ఎందుకంటే దాని బరువుకు తగిన జడత్వం కాసేపు నీటి నిరోధాన్ని తట్టుకుంటుంది. ఒకటి రెండు మైక్రోమీటర్ల బాక్టీరియా విషయంలో ఆ జడత్వం లెక్కలోకే రాదు, నీటి చిక్కదనానిదే పైచేయి. సెకనుకు 20 నుంచి 30 మైక్రోమీటర్లు ఈదగల ఈ.కోలై బాక్టీరియా తన కశాభాలను ఆపిందంటే, సెకనులో పది లక్షల వంతు గడిచేలోగా, హైడ్రోజన్ పరమాణువు వెడల్పు కూడా జరగకుండా నిలిచిపోతుంది. అమెరికా భౌతికశాస్త్రవేత్త ఎడ్వర్డ్ పర్సెల్ 1977లో ప్రచురించిన ఒక వ్యాసంలో ఈ లెక్క వేసి చూపించాడు. ఆ వ్యాసంలోనే ఇంకా ముఖ్యమైన విషయం ఒకటి ఉంది. ఇలాంటి పరిస్థితిలో ఒక కదలికను చేసి, సరిగ్గా దాన్నే వెనక్కి తిప్పి చేస్తే, ఒకసారి వేగంగా, ఒకసారి మెల్లగా చేసినా సరే, కణం బయలుదేరిన చోటికే తిరిగి వస్తుంది. బిరుసైన తోక ఒకటి అటూ ఇటూ ఊగుతూ ఉంటే ఆ కణం ఎంతసేపటికీ ఉన్నచోటే ఉంటుందన్నమాట. ముందుకు పోవాలంటే, వచ్చిన దారినే వెనక్కి పోని కదలిక కావాలి. ప్రకృతిలో దానికి ముఖ్యంగా రెండు మార్గాలు కనిపిస్తాయి: సర్పిలాకారపు తంతువును ఒకే దిశలో తిప్పుతూ ఉండటం, లేదా మెత్తని తోక పొడవునా మొదలు నుంచి కొసకు అలను పంపడం. మొదటిది బాక్టీరియా మార్గం, రెండోది శుక్రకణం మార్గం.

బాక్టీరియా కశాభం సుమారు 20 నానోమీటర్ల మందంతో, అనేక మైక్రోమీటర్ల పొడవుతో, లోపల బోలుగా ఉండే తంతువు. ఫ్లాజెల్లిన్ అనే ప్రోటీన్ అణువులు వేల సంఖ్యలో సర్పిలంగా పేరుకుని అది తయారవుతుంది. ఈ తంతువు తనంతట తాను కదలదు, వంగదు. దానిలో శక్తిని ఉపయోగించుకునే భాగమే లేదు. దాని మొదట్లో కొక్కెంలా వంగిన చిన్న భాగం, దాని కింద కణత్వచంలో, కణకవచంలో దిగబడి ఉన్న ఆధార భాగం ఉంటాయి. తిరిగేది ఆ ఆధార భాగమే. కణం బయటి నుంచి ప్రోటాన్లు త్వచాన్ని దాటి లోపలికి వచ్చేటప్పుడు, చుట్టూ స్థిరంగా అమరి ఉన్న ప్రోటీన్లు లోపలి వలయాన్ని అంచెలంచెలుగా నెట్టుతాయి, వలయం గుండ్రంగా తిరుగుతుంది, దానితో కొక్కెం, కొక్కెంతో తంతువు తిరుగుతాయి. ఇక్కడ నేరుగా ఖర్చయ్యేది కణాలు మామూలుగా ఇంధనంగా వాడే ఏటీపీ అణువు కాదు, ప్రోటాన్ల ప్రవాహం. ఈ తేడాను మీ అమ్మాయి తప్పక గుర్తుపెట్టుకోవాలి. సర్పిలం తిరిగితే తోపు ఎలా వస్తుందంటే, సన్నని తంతువు నీటిలో అడ్డంగా కదిలినప్పుడు ఎదురయ్యే నిరోధం, అది నిలువుగా జారినప్పటి నిరోధానికి దాదాపు రెట్టింపు ఉంటుంది. వాలుగా ఉన్న ప్రతి చిన్న ముక్క మీదా పడే ఈ అసమాన నిరోధాలు కలిసి కణాన్ని ఒకవైపు తోస్తాయి.

తంతువు నిజంగా తిరుగుతుందని రుజువు చేయడం అంత తేలిక కాలేదు, ఎందుకంటే మామూలు సూక్ష్మదర్శినిలో అది కనిపించదు. హోవార్డ్ బెర్గ్, రాబర్ట్ ఆండర్సన్ 1973లో అది తిరుగుతుందని వాదించారు. 1974లో సిల్వర్‌మన్, సైమన్ చేసిన ప్రయోగం ఆ వాదాన్ని కళ్లకు కట్టింది. కశాభాన్ని పట్టుకునే ప్రతిరక్షకాలతో (యాంటీబాడీలతో) వాళ్లు బాక్టీరియా తోకను గాజుపలకకు అతికించారు. తోక కదలలేదు కాబట్టి మొత్తం కణమే గుండ్రంగా తిరగసాగింది, కొంతసేపు ఒకవైపు, మళ్లీ రెండోవైపు. పిల్లలకు ఈ ప్రయోగం చెప్పినప్పుడు వాళ్ల ముఖాల్లో కనిపించే వెలుగు మరే బొమ్మ గీసినా నాకు కనిపించలేదు.

ఆ దిశ మారడంలోనే బాక్టీరియా తెలివి ఉంది. ఈ.కోలై తోకలను వెనకవైపు నుంచి చూసినప్పుడు అపసవ్య దిశలో తిరిగితే, కణం చుట్టూ ఉన్న తోకలన్నీ ఒక కట్టగా చేరి దాన్ని తిన్నగా ముందుకు నడుపుతాయి. వాటిలో కొన్ని సవ్య దిశకు మారితే కట్ట విడిపోయి, కణం ఉన్నచోటే దొర్లి, కొత్త దిక్కుకు తిరుగుతుంది. తిన్నని పరుగు సుమారు ఒక సెకను, దొర్లడం సెకనులో పదో వంతు. కణం అంత చిన్నది కావడంతో తన ముందుకొసకూ వెనకకొసకూ మధ్య ఆహారం సాంద్రతలోని తేడాను నమ్మదగినంతగా కొలవలేదు. అందుకని ఇప్పుడున్న సాంద్రతను కొద్ది సెకన్ల కిందటి సాంద్రతతో పోల్చుకుంటుంది. మెరుగుపడుతుంటే దొర్లడం తగ్గించి పరుగు పొడిగిస్తుంది. దిక్కు ఎంచుకోవడం దానికి చేతకాకపోయినా, మంచి దిక్కున ఎక్కువసేపు ఉండటం చేతనవుతుంది, చివరకు ఆహారం ఉన్న చోటికి చేరుతుంది.

ఇక శుక్రకణం. మానవ శుక్రకణం తోక పొడవు సుమారు 50 మైక్రోమీటర్లు. దాని నడుమ ఉండే అక్షీయ తంతువులో చుట్టూ 9 జంట సూక్ష్మనాళికలు, మధ్యలో 2 ఒంటి సూక్ష్మనాళికలు ఉంటాయి. పుస్తకాలలో 9+2 అని రాసేది దీన్నే. ప్రతి జంట నుంచి పక్క జంటవైపు డైనీన్ అనే ప్రోటీన్ చేతులు చాచి ఉంటాయి. ఏటీపీని విచ్ఛిన్నం చేస్తూ ఆ చేతులు పక్క నాళికను పట్టుకుని జరుపుతాయి. మరి జారుడు వంపుగా ఎలా మారింది? సమ్మర్స్, గిబ్బన్స్ 1971లో సముద్రపు అర్చిన్ శుక్రకణాల తోకలను ప్రోటీన్‌ను జీర్ణం చేసే ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌తో కొద్దిగా జీర్ణం చేసి, నాళికలను ఒకదానితో ఒకటి కట్టిపెట్టే లంకెలను తెంచారు. తరువాత ఏటీపీ ఇచ్చేసరికి, తోక వంగడానికి బదులు నాళికలు ఒకదాని వెంట ఒకటి జారుతూ బయటికి సాగిపోయాయి. లంకెలు ఉన్నంతవరకు అవి అలా జారిపోలేవు కాబట్టి తోక వంగుతుంది. ఒకవైపు డైనీన్లు, తరువాత రెండోవైపు డైనీన్లు పనిచేయడంతో వంపు అలలాగా కొసకు ప్రయాణిస్తుంది. పైపొరను డిటర్జెంట్‌తో కరిగించేసిన శుక్రకణాలు కూడా ఏటీపీ ఇస్తే ఈదుతాయి. శక్తిని వాడే యంత్రాంగం తోక మొదట్లో కాక తోక పొడవునా ఉందని చెప్పడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు.

సమాధానం: ల్యాబ్ మైక్రోబయాలజిస్టు, గుంటూరు

అధ్యాపకులవారు చెప్పిన తరువాత మొదటి ప్రశ్నకు నేను చేర్చవలసింది లేదు. వైడాల్ గురించి రాస్తాను, ఎందుకంటే ఈ పరీక్షను మన జిల్లాలలో చాలా విరివిగా చేయిస్తారు, అంత విరివిగానే అపార్థం చేసుకుంటారు.

అమ్మా, టైఫాయిడ్‌ను కలిగించే సాల్మొనెల్లా టైఫీ ఒళ్లంతా కశాభాలు ఉన్న బాక్టీరియా. అది శరీరంలోకి వచ్చినప్పుడు రోగనిరోధక వ్యవస్థ దాని కణకవచం మీది పదార్థానికి ఒక రకం, తోకలోని ఫ్లాజెల్లిన్‌కు ఇంకో రకం ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది. మొదటిది ‘ఓ’, రెండోది ‘హెచ్’. రోగి సీరమ్‌ను అంచెలంచెలుగా పలచన చేసి, చంపిన బాక్టీరియా ద్రావణంతో కలిపి, ఏ పలచన వరకు బాక్టీరియా ముద్దకడుతుందో చూస్తాము. మీ రిపోర్టులో ఉన్న అంకె ఆ పలచనే. గొట్టాలలో పరీక్ష చేస్తే ఈ రెండింటి తేడా కంటికే కనిపిస్తుంది. ‘ఓ’ గొట్టంలో కణాలు ఒంటికి ఒంటిగా అతుక్కోవడం వల్ల ముద్ద గట్టిగా, సన్నని రవ్వగా అడుగున పరుచుకుంటుంది. ‘హెచ్’ గొట్టంలో తోకలు తోకలతో ముడిపడి, కణాల మధ్య దూరం మిగిలిపోవడం వల్ల ముద్ద వదులుగా, పెద్దగా ఏర్పడి, గొట్టాన్ని కాస్త కదిపితే పైకి లేస్తుంది.

తోకకు వ్యతిరేకంగా ఏర్పడిన ‘హెచ్’ ప్రతిరక్షకాలు జబ్బు తగ్గిన తరువాత కూడా చాలాకాలం రక్తంలో ఉండిపోతాయి, టీకా వేయించుకున్నవారిలోనూ ఉండవచ్చు. ‘ఓ’ ప్రతిరక్షకాలు అంతకంటే ముందే తగ్గిపోతాయి. కాబట్టి ‘హెచ్’ ఒక్కటే ఎక్కువగా ఉందని ఇప్పటి జ్వరం టైఫాయిడ్ అని తేల్చడం సరికాదు. జ్వరం మొదటి వారంలో, యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే, బ్లడ్ కల్చర్‌కు రక్తం ఇవ్వడం ఎంతో మేలు. ఈ మాట ప్రతి కుటుంబానికీ తెలియాలని నా ఆశ.

తోక బాక్టీరియాకు బలమూ అవుతుంది, దాన్ని పట్టించేదీ అవుతుంది. మన కణాల మీద ఉండే టీఎల్ఆర్5 అనే గ్రాహకం ఫ్లాజెల్లిన్‌ను గుర్తుపట్టగానే శోథను (ఇన్‌ఫ్లమేషన్‌ను) మొదలుపెడుతుంది. కడుపులో పుండ్లకు కారణమయ్యే హెలికోబాక్టర్ పైలోరీ ఈ గ్రాహకానికి దొరకని రూపంలో ఫ్లాజెల్లిన్‌ను తయారుచేసుకుంటుంది. జీర్ణాశయపు ఆమ్లంలో ఎక్కువసేపు బతకలేదు కాబట్టి ఒక కొసన ఉన్న కొన్ని కశాభాల సాయంతో శ్లేష్మపు పొరను దాటి గోడ దగ్గరికి చేరడం దానికి ప్రాణావసరం. కశాభాలు పనిచేయకుండా చేసిన హెలికోబాక్టర్‌లు ప్రయోగ జంతువుల కడుపులో నిలదొక్కుకోలేకపోయాయి. అలాగని తోక లేని బాక్టీరియా అంతా నిరపాయకరమని అనుకోకూడదు. కోళ్లకు టైఫాయిడ్ తెచ్చే సాల్మొనెల్లా గాలినారంకు కశాభాలే లేవు. రక్త విరేచనాలు తెచ్చే షిజెల్లాకూ లేవు. కానీ అది మన పేగు కణంలోకి దూరిన తరువాత, మన కణానికే చెందిన ఆక్టిన్ ప్రోటీన్‌ను తన ఒక కొసన పోగుచేసి, ఆ పోగు పెరుగుతుంటే కలిగే తోపుతో కదులుతూ పక్క కణంలోకి చొచ్చుకుపోతుంది. అది కూడా తోకే, అయితే ఎదుటివారి సరుకుతో కట్టుకున్న తోక.

మీ అమ్మాయికి కళ్లారా చూసే అవకాశం ఉంటే, కళాశాల ల్యాబ్‌లో హ్యాంగింగ్ డ్రాప్ చేయించమని అడగమనండి. కవర్‌స్లిప్ అంచులకు వ్యాజలైన్ రాసి, మధ్యలో బాక్టీరియా ఉన్న ద్రవం ఒక చిన్న బొట్టు వేసి, గుంట ఉన్న స్లైడును దాని మీద బోర్లించి, ఒక్కసారిగా తిరగేయాలి. బొట్టు గుంటలో వేలాడుతుంది. కాంతిని బాగా తగ్గించి ముందు బొట్టు అంచును ఫోకస్ చేయాలి. అక్కడ అన్ని కణాలూ ఉన్నచోటే వణుకుతూ ఉంటే అది బ్రౌనియన్ చలనం, చచ్చిన కణాలలో కూడా అది కనిపిస్తుంది. ఒక కణం పక్క కణాలను దాటుకుంటూ తన దారిన తాను ఎదురుగా పోతే అది నిజమైన ఈత. అయితే బొట్టులో ప్రవాహం ఉంటే అన్నీ ఒకే వైపు కొట్టుకుపోతాయి, దాన్ని ఈత అనుకుని పొరబడకూడదు. కళాశాలలో హాని చేయని బాక్టీరియాతోనే, ఉపాధ్యాయుల పర్యవేక్షణలోనే ఇది చేయాలి. ఇంత చూసినా తోక మాత్రం కనిపించదు. దాన్ని చూడాలంటే టానిక్ ఆమ్లం ఉన్న రంగుతో తంతువు మీద పూత మందంగా పేరుకునేలా చేయాలి. ఓపిక లేనివారికి ఆ స్లైడు ఒకపట్టాన కుదరదు.

సమాధానం: వ్యవసాయ పట్టభద్రుడు, లాం దగ్గర, గుంటూరు

అందరూ వైద్యం వైపు నుంచి రాశారు, మన మిరప రైతుకు సంబంధించిన తోక ఒకటి ఉంది కాబట్టి చెబుతాను. మిరప నారుమళ్లలో, వానలు పట్టిన రోజుల్లో, నారు కాండం నేల మట్టానికి మెత్తబడి, మొక్కలు గుంపులు గుంపులుగా వాలిపోతాయి. నారుకుళ్లు తెగులు అంటాము. దీనికి ముఖ్య కారణాలలో ఒకటైన పిథియం నిజమైన శిలీంధ్రం కాదు, ఊమైసీట్ అనే వేరే వర్గానికి చెందినది. నేలలో నీరు నిలిచినప్పుడు అది గమన సిద్ధబీజాలను విడుదల చేస్తుంది. కణకవచం లేని ఆ చిన్న కణానికి రెండు కశాభాలు ఉంటాయి, రెండూ 9+2 నిర్మాణంలోవే. వెనకది నునుపుగా ఉంటుంది. ముందు దాని మీద రెండు వరుసలుగా సన్నని, బిరుసైన నూగు ఉంటుంది.

ఆ నూగు చేసే పని నాకు చదివిన ప్రతిసారీ ఆశ్చర్యంగానే ఉంటుంది. అధ్యాపకులవారు చెప్పినట్లు అల మొదలు నుంచి కొసకు ప్రయాణించే తోక కణాన్ని తనకు వ్యతిరేక దిశలో నెట్టాలి. అలాంటి తోక ముందువైపు ఉంటే కణం వెనక్కి పోవాలి. నూగు ఉండటంతో నీటి మీద పడే తోపు దిశ తిరగబడుతుంది, తోక కణాన్ని ముందుకు లాగుతుంది. అలా ఈదుకుంటూ అది వేళ్ల నుంచి ఊరే అమైనో ఆమ్లాల వంటి పదార్థాల వైపు వెళ్లి, వేరును తాకిన కొద్ది నిమిషాలలోనే కశాభాలను వదిలించుకుని, కవచం కట్టుకుని, మొలకెత్తి లోపలికి దిగుతుంది.

ఈ కణం తన తోకతో ఈదాలంటే మట్టి రేణువుల మధ్య నీరు ఉండి తీరాలి. అందుకే ఎత్తైన నారుమళ్లు వేయమని, విత్తనం పలచగా చల్లమని, నీరు నిలవనీయవద్దని పదేపదే చెబుతాము. తెగులు కనిపిస్తే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి నేల తడిసేలా పోయమంటాము. మురుగు పోయే ఏర్పాటు సరిగా లేని మడిలో మందు ఒక్కటే పోస్తే ఫలితం అంతంతమాత్రంగానే ఉంటుంది.

తిరిగి అడుగుతున్నది: పటమట గృహిణి, విజయవాడ

అందరికీ కృతజ్ఞతలు. మా అమ్మాయి రెండుసార్లు చదివింది, సర్పిలం బొమ్మ గీసి నాకే వివరించింది. ఇంకో విషయం అడగాలనిపిస్తోంది. మా బంధువుల అబ్బాయి ఒకడికి పుట్టినప్పటి నుంచి ముక్కు కారుతూనే ఉంటుంది, దగ్గు తగ్గదు, చెవిలో చీము పడుతుంది. ఎక్స్‌రే తీసినప్పుడు గుండె కుడివైపున ఉందన్నారు. వాళ్లది మేనరికం. శైలికల జబ్బు కావచ్చని ఒక డాక్టరుగారు అన్నారట. ముక్కు కారడానికీ గుండె కుడివైపు ఉండటానికీ సంబంధం ఎలా కుదురుతుందో మాకు అంతుపట్టలేదు. నా మూడో ప్రశ్న కూడా మిగిలి ఉంది.

సమాధానం: చెవి, ముక్కు, గొంతు వైద్యురాలు, విజయవాడ

అమ్మా, ఆ బాబును చూడకుండా జబ్బు ఇదేనని నేను చెప్పకూడదు, గుండె కుడివైపు ఉన్నంత మాత్రాన శైలికల జబ్బు ఉన్నట్లూ కాదు. అయితే మీరు చెప్పిన లక్షణాలన్నీ ఒకేచోట ఉంటే, ప్రైమరీ సిలియరీ డిస్కినీసియా అనే జబ్బును తప్పనిసరిగా ఆలోచించాలి. ఆ డాక్టరుగారి అనుమానం సమంజసమైనదే.

శ్వాసనాళపు లోపలి పొరలో ఒక్కొక్క శైలికా కణం మీద దాదాపు 200 శైలికలు ఉంటాయి. ఒక్కొక్కటి 6 మైక్రోమీటర్ల పొడవు, సెకనుకు సుమారు 10 నుంచి 15 సార్లు కొట్టుకుంటుంది. ఇక్కడ కణం కదలదు, దాని మీదున్న ద్రవం కదులుతుంది. శైలికల చుట్టూ పలచని ద్రవం, దాని మీద చిక్కని శ్లేష్మం ఉంటాయి. శైలిక నిటారుగా లేచి ముందుకు కొట్టేటప్పుడు దాని కొస శ్లేష్మాన్ని అంటి నెడుతుంది. వెనక్కి వచ్చేటప్పుడు వంగి, పలచని ద్రవంలోనే పక్కగా జరిగి వస్తుంది. పోయిన దారి వేరు, వచ్చిన దారి వేరు కాబట్టే శ్లేష్మం ఒకేవైపు, గొంతు వైపు, నిమిషానికి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున సాగుతుంది. మనం పీల్చిన దుమ్ము, క్రిములు ఆ శ్లేష్మానికి అంటుకుని గొంతులోకి వచ్చి, మనకు తెలియకుండానే మింగబడతాయి. పొగ తాగేవారిలో ఈ శైలికలు దెబ్బతింటాయి, కురచబడతాయి. ఉదయం లేవగానే వాళ్లు దగ్గి దగ్గి కఫాన్ని బయటికి తేవలసి రావడానికి అది ఒక ముఖ్య కారణం.

పుట్టుకతోనే డైనీన్ చేతులు లేకపోతే శైలికలు కొట్టుకోవు, లేదా క్రమం తప్పి కొట్టుకుంటాయి. శ్లేష్మం ముక్కులో, సైనసులలో, మధ్య చెవిలో, ఊపిరితిత్తులలో నిలిచిపోయి మాటిమాటికీ చీము పడుతుంది. సైనసుల వాపు, ఊపిరితిత్తుల గొట్టాలు వెడల్పై చెడిపోవడం, అవయవాలు కుడిఎడమలు తారుమారు కావడం కలిసి రావడాన్ని 1933లో కార్టజెనర్ అనే వైద్యుడు విడిగా గుర్తించి వివరించాడు. కారణం మాత్రం చాలాకాలం తెలియలేదు. 1976లో స్వీడన్‌కు చెందిన అఫ్జీలియస్, కదలని శుక్రకణాలతో సంతానం లేక వచ్చిన పురుషులను పరీక్షించి, వారి శుక్రకణాల తోకలలో డైనీన్ చేతులు లేవని, వారిలో కొందరికి చిన్ననాటి నుంచి సైనసు, ఛాతీ జబ్బులు ఉన్నాయని, అవయవాలు తారుమారై ఉన్నాయని చూపించాడు.

గుండె సంగతి ఇది. గర్భంలో పిండం రూపుదిద్దుకునే తొలి దశలో నోడ్ అనే చిన్న గుంట ఉంటుంది. అందులోని శైలికలు నడిమి జంట లేని 9+0 రకం. అవి వెనక్కి వాలి గుండ్రంగా తిరుగుతూ ద్రవాన్ని ఎడమవైపు ప్రవహింపజేస్తాయి. జపాన్‌లో హిరొకావా బృందం 1998లో ఎలుక పిండాలలో ఈ ప్రవాహాన్ని చూపించింది. ఎడమ ఏదో, కుడి ఏదో పిండానికి తెలిసేది ఆ ప్రవాహంతోనే. డైనీన్ లేక ప్రవాహం ఏర్పడకపోతే, గుండె ఎటు ఉండాలన్నది యాదృచ్ఛికంగా తేలుతుంది. అందుకే ఈ జబ్బు ఉన్నవారిలో దాదాపు సగం మందికే అవయవాలు తారుమారై ఉంటాయి. మిగిలిన సగం మందిలో గుండె ఎడమవైపే ఉండి, జబ్బును గుర్తించడం ఆలస్యమవుతుంది. అలాంటి పిల్లలను ‘ఒంటికి జలుబు తత్వం’ అని సరిపెట్టుకోవడం చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

జబ్బు చాలావరకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి లోపమున్న జన్యువులు కలిసినప్పుడే వస్తుంది. మేనరికంలో అలా కలిసే అవకాశం పెరుగుతుంది. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. ముక్కు నుంచి వచ్చే గాలిలో నైట్రిక్ ఆక్సైడ్ కొలవడం, ముక్కు లోపలి పొర నుంచి కణాలు తీసి శైలికల కదలికను వేగవంతమైన వీడియోలో చూడటం, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పరిశీలించడం, జన్యు పరీక్ష చేయడం వంటి వాటితో దీన్ని నిర్ధారిస్తారు. పూర్తిగా నయం చేసే మందు లేదు గాని, రోజూ కఫాన్ని బయటికి తెప్పించే ఫిజియోథెరపీ చేస్తూ, ఇన్ఫెక్షన్ వచ్చిన వెంటనే వైద్యం చేయించుకుంటూ, వినికిడిని పరీక్షించుకుంటూ ఉంటే ఊపిరితిత్తులను చాలాకాలం కాపాడుకోవచ్చు. ఆ బాబును ఛాతీ వైద్య నిపుణుడికి చూపించడంలో ఆలస్యం చేయవద్దని వాళ్లకు నా మాటగా చెప్పండి.

మీ మూడో ప్రశ్నకు వస్తాను. మన శరీరంలో చాలా కణాల మీద ఒక్కొక్క కణానికి ఒక్కొక్కటి చొప్పున, కొట్టుకోని శైలిక ఉంటుంది. దాన్ని ప్రాథమిక శైలిక అంటారు. అదీ 9+0 రకమే, డైనీన్ చేతులు లేకపోవడంతో కదలదు. చాలాకాలం దాన్ని పనికిరాని అవశేషంగా భావించారు. ఆ అభిప్రాయం మారడానికి దారితీసినది క్లామిడోమోనాస్ అనే పచ్చని శైవలం. దాని రెండు కశాభాలు పెరగడానికి, వాటి కొస వరకు సరుకును మోసుకుపోయే ప్రోటీన్ల రవాణా అవసరమని 1990లలో తెలిసింది. ఆ రవాణాకు కావలసిన ఒక శైవలపు జన్యువే, మూత్రపిండాలలో తిత్తులు వచ్చే ఒక రకం ఎలుకలలో లోపించిన జన్యువుకు సరిజోడు అని 2000లో బయటపడింది. ఆ ఎలుకల మూత్రపిండాలలో ప్రాథమిక శైలికలు కురచగా ఉన్నాయి. మనుషులలో కుటుంబాల వెంట వచ్చే పాలీసిస్టిక్ కిడ్నీ జబ్బులో లోపించే పాలీసిస్టిన్ ప్రోటీన్లు కూడా ఈ శైలిక మీదే ఉంటాయి. కదలని తోక, కణం బయటి సంకేతాలను పట్టి లోపలికి చేరవేసే భాగమని అప్పటి నుంచి అర్థమైంది.

మన కంటిలో వెలుగును పట్టే కణాల బయటి భాగం కూడా ఇలాంటి శైలిక నుంచి మారినదే. వెలుగును గుర్తించే ప్రోటీన్లు శైలిక మెడ గుండానే అక్కడికి చేరాలి. ఆ దారిలో లోపం ఉన్న పిల్లలలో కొందరికి మూత్రపిండాల జబ్బు, చూపు మందగించడం రెండూ కలిసి వస్తాయి. అందుకే శైలికల లోపంతో మూత్రపిండాలు దెబ్బతిన్న పిల్లలకు రెటీనా పరీక్ష కూడా చేయించమని వైద్యులు అడుగుతారు.